అలంకారం పేరు చెప్పేశాక ఇంకేముంది?

ఈ మధ్య ఒక కథల సంపుటి మీద వచ్చిన సమీక్ష చదివాను. "ప్రతీకాత్మకత" అడుగడుగునా ఉంది, "ధ్వనిగర్భితమైన ముగింపు" ఉంది, "చైతన్య స్రవంతి శిల్పం" ఉంది, "బహుళ పొరల కథనం" కూడా ఉంది. చదవడం అయ్యాక ఆ పుస్తకంలో ఏముందో మాత్రం ఒక్క ముక్క అర్థం కాలేదు. సరదాకి ఆ పుస్తకం పేరు తీసేసి బల్ల మీదున్న ఇంకో పుస్తకం పేరు పెట్టుకుని మళ్లీ చదివాను. ఎక్కడా అతుకు కనపడలేదు. ఆ రెండో పుస్తకం కథలు కూడా కాదు, కవిత్వం.

ఇలాంటివి చూసినప్పుడు చాలామంది విసుక్కుంటారు, ఈ పరిభాష అంతా పండితుల గొడవ, బాగుందో లేదో చెప్తే చాలదా అంటారు. ఆ విసుగు నాకూ ఉంది. కానీ అక్కడి నుంచి వాళ్లు వెళ్లే దారిలో నేను వెళ్లలేను. నాకు అనిపించేది ఏమిటంటే, ఈ పదాల్లో పనికొచ్చే ప్రతిదాని వెనకా ఒక పరీక్ష ఉంది, అంటే ఇది అవునా కాదా అని వాక్యం మీదే ప్రయోగించి తేల్చుకునే పద్ధతి. మనం పదాల జాబితాని జాగ్రత్తగా దాచుకుని, పరీక్షల్ని ఎక్కడో పోగొట్టుకున్నాం. సమీక్షలు అలా తయారవడానికి కారణం పదాలు ఎక్కువ కావడం కాదు, వాటిని ఎవరూ పరీక్షించకపోవడం.

మార్కుల కోసం పట్టుకునే అలంకారం

మా అన్నయ్య కూతురు పదో తరగతి. అలంకారాలు కష్టంగా ఉన్నాయా అని అడిగితే తేలిగ్గా కొట్టిపారేసింది. "అదేం లేదు బాబాయ్, ‘వలె’, ‘లాగా’ ఉంటే ఉపమ. ‘అన్నట్లు’ ఉంటే ఉత్ప్రేక్ష. రెండూ లేకపోతే రూపకం రాసెయ్యడమే" అంది. కాసేపటికి నేను కిటికీలోంచి చూసి "వాన వచ్చేటట్టుందే" అన్నాను. ఠక్కున "ఉత్ప్రేక్ష!" అంది. ఇద్దరం నవ్వుకున్నాం గానీ, అది తను నేర్చుకున్న సూత్రం ప్రకారం అక్షరాలా సరైన జవాబే.

అసలు అది ఉత్ప్రేక్ష ఎందుకు కాదో చెప్పాలంటే దాని లక్షణంలోకి, అంటే నిర్వచనంలోకి వెళ్లాలి. "ఈ ఏనుగు నడిచే కొండా అన్నట్లుంది" అన్నవాడికి అది కొండ కాదని తెలుసు. కాదని తెలిసీ, కావాలనే, కొండేమో అని ఊహిస్తున్నాడు. "వాన వచ్చేటట్టుంది" అన్నవాడు నిజంగానే వాన వస్తుందనుకుంటున్నాడు, గొడుగు కూడా పట్టుకుని బయల్దేరతాడు. రెండింట్లో వ్యాకరణం ఒకటే, మాట్లాడేవాడి మనసు వేరు. ఉత్ప్రేక్ష ఉన్నది ఆ మనసులో, "అన్నట్లు" అనే మాటలో కాదు. ఈ సంగతి చెప్తే పిల్లకి వెంటనే అర్థమైంది, "మరి పరీక్షలో ఇది అడగరు కదా" అని కూడా అంది. అదీ నిజమే, నేనేం వాదించలేదు.

శబ్దాలంకారం, అర్థాలంకారం అని రెండు పెట్టెలు చేసి పిల్లలకి ఇస్తాం. ఏది ఏ పెట్టెలోదో బట్టీ పట్టిస్తాం. మమ్మటుడి లాంటి సంస్కృత ఆలంకారికులు, అంటే అలంకారాల మీద శాస్త్రం రాసినవాళ్లు, దాన్ని తేల్చిన పద్ధతి చాలా సాదా పద్ధతి: ఒక మాట తీసి అదే అర్థం వచ్చే ఇంకో మాట పెట్టి చూడు, చమత్కారం పోతే అది శబ్దానిది, నిలబడితే అర్థానిది. ఇంతకంటే ప్రయోగశాల పద్ధతి ఏముంటుంది? బడిలో ఒక్క పీరియడ్ దీనికి కేటాయిస్తే జాబితా సగం దానంతటదే వచ్చేస్తుంది.

పోతన గజేంద్ర మోక్షంలో అందరికీ తెలిసిన పద్యం తీసుకుందాం. చెప్పా పెట్టకుండా పరుగెత్తుతున్న విష్ణువు వెనక లక్ష్మి:

అడిగెదనని కడువడిఁ జను
నడిగినఁ దను మగుడ నుడువఁడని నడ యుడుగున్
వెడవెడ జిడిముడి తడఁబడ
నడుగిడు నడుగిడదు జడిమ నడుగిడు నెడలన్

"వృత్త్యనుప్రాస, డకారం ఆవృత్తి" అని, అంటే ఒకే హల్లు పదేపదే వచ్చిందని రాస్తే మార్కులు పడతాయి. ఇప్పుడు మాటలు మార్చి చూడండి: "ప్రశ్నించాలని వేగంగా వెళ్తుంది, ప్రశ్నిస్తే బదులు రాదని ఆగిపోతుంది." అర్థంలో ఏదీ తగ్గలేదు. లక్ష్మి మాత్రం తడబడటం మానేసింది. డ పలకాలంటే నాలుక కొన పైకి మడిచి అంగిలికి తగిలించి వదలాలి, అది వరసగా చేయాల్సి వస్తే చదివేవాడి నోరే అడుగు వేసి, ఆగి, మళ్లీ వేస్తుంది. ఆవిడ కాళ్లలో జరిగేది మన నోట్లో జరుగుతోంది. ఇది చూశాక "వృత్త్యనుప్రాస" అనే పేరు అవసరమా అంటే, నిజం చెప్పాలంటే అంత అవసరం లేదు. కానీ పేరు లేకపోతే చాలామంది అక్కడ ఆగి చూసేవాళ్లే కాదు.

ఇక్కడే ఒక చిక్కుంది, దాటేయకూడదు. ఇదే వృత్త్యనుప్రాస, ఇదే లక్షణం, ఊరికే మోగడం కోసం మోగే పద్యాల్లో కుప్పలు తెప్పలుగా దొరుకుతుంది. హల్లు మార్చినా అక్కడ ఏ నష్టమూ ఉండదు, మోతే కాస్త తగ్గుతుంది. పేరు మాత్రం రెండింటికీ ఒకటే. అంటే ఆ పదం ఏం జరిగిందో చెప్తుంది, ఎందుకు బాగుందో చెప్పదు. పేరు చెప్పి ఊరుకునే సమీక్షకుడు, ఈ రెండో పని కూడా తాను చేసేసినట్టే కనిపిస్తాడు. నాకు కోపం వచ్చేది అక్కడ.

ముఖం, చంద్రుడు, ఆఫీసు

ఇన్ని అలంకారాలు అవసరమా అన్నది న్యాయమైన ప్రశ్న. భరతుడి నాట్యశాస్త్రంలో ఉన్నవి నాలుగు: ఉపమ, రూపకం, దీపకం, యమకం. 16వ శతాబ్దానికి అప్పయ్య దీక్షితులు కువలయానందం రాసేసరికి వంద దాటాయి. అందులో చాలావాటిని మర్చిపోతే కొంపలేం మునగవని నా అనుమానం. తమాషా ఏమిటంటే అదే అప్పయ్య దీక్షితులు చిత్రమీమాంసలో, ఉపమ అనే ఒక్క నటే రకరకాల వేషాలు వేసుకుని కావ్యరంగం మీద ఆడుతోందని చెప్పి, ముఖాన్నీ చంద్రుణ్నీ పట్టుకుని ఆ వేషాలన్నీ వరసగా చూపిస్తాడు.

మన మాటల్లో చెప్పుకుంటే: ముఖం చంద్రుడిలా ఉంది. ముఖమే చంద్రుడు. చంద్రుడేమో అన్నట్టుంది. ముఖమా, చంద్రుడా? ఇది ముఖం కాదు, చంద్రుడే. చంద్రుడనుకుని చకోరాలు వెంటపడ్డాయి. చంద్రుడే ఈ ముఖంలా ఉన్నాడు. చంద్రుడికి మచ్చ ఉంది, దీనికి లేదు. వీటికి ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష, సందేహం, అపహ్నుతి, భ్రాంతిమంతం, ప్రతీపం, వ్యతిరేకం అని పేర్లు. బట్టీ పడితే ప్రాణం విసిగిపోతుంది. వరసగా పెట్టి చూస్తే మాత్రం వేరే విషయం కనిపిస్తుంది. ముఖం మారలేదు, చంద్రుడూ మారలేదు. రెండూ వేరని చెప్పేవాడికి ఎంతవరకు గుర్తుంది అన్నదే మారుతోంది. ఒకడికి పూర్తిగా గుర్తుంది, ఒకడు కావాలని మరిచాడు, ఒకడికి అనుమానం, చకోరం నిజంగానే మోసపోయింది. నగల పెట్టెలా కనిపించిన జాబితా ఇలా చూస్తే నమ్మకానికి కొలబద్ద.

దీని ఉపయోగం కవిత్వంలో కంటే బయటే నాకు ఎక్కువగా తగిలింది. నేను పనిచేసిన ఒక సంస్థలో మీటింగ్ పెట్టినప్పుడల్లా పెద్దాయన "మనమంతా ఒక కుటుంబం" అనేవాడు. "కుటుంబం లాంటి వాళ్లం" అని ఎప్పుడూ అనలేదు. ఉపమకి నాలుగు అంగాలని చదువుకున్నాం కదా, ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. "లాంటి" అంటే వినేవాడు "ఏ విషయంలో?" అని అడగొచ్చు, అంటే సమానధర్మం ఏమిటని. రూపకంలో ఆ ప్రశ్నకి చోటే లేదు, రెండూ ఒకటే అని ముందే ఒప్పేసుకున్నాం. ఆ తర్వాత కొన్నాళ్లకి కొందరికి ఉద్యోగాలు పోయాయి, మెయిల్‌లో కుటుంబం ప్రసక్తి లేదు. ఆదివారం పనికి రమ్మనడానికి కుటుంబం, తీసెయ్యడానికి ఒప్పందం. ఆయన ఉపమ వాడి ఉంటే ఎవడో ఒకడు మీటింగ్‌లోనే అడిగేవాడు అనను గానీ, అడగడానికి సందు ఉండేది.

అర్థాంతరన్యాసం కూడా ఇలాంటిదే. "హనుమంతుడు సముద్రం దాటాడు, మహాత్ములకు సాధ్యం కానిది లేదు కదా" అని పాఠ్యపుస్తకం ఉదాహరణ. ఒక ప్రత్యేక విషయాన్ని ఒక సామాన్య సూత్రంతో సమర్థించడం, లేదా దానికి తిరగేసి. పద్యంలో హాయిగా ఉంటుంది. వాదనలో పెట్టి చూడండి: "ఫలానావాడు ఏ సాయం లేకుండా పైకొచ్చాడు, కష్టపడితే సాధించలేనిది లేదు కదా." ఆ "కదా"లో ఒక మనిషి కథ లోకమంతటికీ నియమమైపోయింది, మనం తల ఊపేశాం. పేరు తెలిసినవాడు ఆ "కదా" దగ్గర ఒక్క క్షణం ఆగుతాడు. ప్రేరణ ప్రసంగాలు చాలావరకు ఈ ఒక్క అలంకారం మీదే బతుకుతున్నాయి.

సూర్యుడు అస్తమించాడు

ఇప్పుడు "ధ్వనిగర్భితం" దగ్గరికొద్దాం, ఎందుకంటే ఎక్కువ నలిగిపోయిన మాట ఇదే. ధ్వని అంటే పైకి చెప్పని అర్థం లోపల వినిపించడం.

"సూర్యుడు అస్తమించాడు, చంద్రుడు వెలుగుతున్నాడు, పక్షులు గూళ్లకి పోతున్నాయి" అన్న వాక్యాన్ని భామహుడు అనే పాత ఆలంకారికుడు ఎత్తి చూపించి, ఇదీ ఒక కావ్యమేనా, దీన్ని వార్త అంటారు అని కొట్టేశాడు. కొన్ని శతాబ్దాల తర్వాత మమ్మటుడు "సూర్యుడు అస్తమించాడు" అన్న ఆ ముక్కనే తీసుకుని, దీనికి ఎన్ని అర్థాలు ధ్వనిస్తాయో చూడండి అన్నాడు. సేనాపతికి శత్రువు మీద పడే వేళ. ప్రియుణ్ని కలవాల్సిన అమ్మాయికి బయల్దేరే వేళ. పశువుల కాపరికి మందని ఇంటికి తోలుకొచ్చే వేళ. సంధ్య వార్చేవాడికి ఆ వేళ.

ఇద్దరిలో ఎవరిది ఒప్పు? వాక్యాన్ని ఒంటరిగా చూస్తే భామహుడిదే ఒప్పు, అది వార్తే. ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అన్నారో తెలిస్తే మమ్మటుడిది ఒప్పు. అంటే ధ్వని వాక్యంలో దాక్కుని ఉండే పదార్థం కాదు, మాట్లాడేవాడు, వినేవాడు, సందర్భం కలిస్తే పుట్టేది. కాబట్టి "ముగింపు ధ్వనిగర్భితంగా ఉంది" అన్నవాళ్లని మనం అడగాల్సినవి ఉన్నాయి. ఎవరు ఎవరితో అన్నారు? పైకి ఏం అన్నారు? లోపల ఏం వినిపించింది? ఇవి చెప్పలేకపోతే ఆ మాటకి "ముగింపు నాకు సరిగ్గా అర్థం కాలేదు గానీ బాగుందనిపించింది" అనే అర్థం మాత్రమే మిగులుతుంది. అలా అనడంలో తప్పు లేదు, కాస్త గౌరవం కూడా. కానీ అలాగే అనాలి.

ధ్వనిని విప్పి చెప్తే చచ్చిపోతుంది, సహృదయుడు, అంటే రసం తెలిసిన పాఠకుడు, దాన్ని అనుభవించాలంతే అని ఒక వాదన ఉంది. బాగానే ఉంటుంది వినడానికి. అయితే ఆ సిద్ధాంతాన్ని నిలబెట్టిన ఆనందవర్ధనుడే ధ్వన్యాలోకంలో పద్యం పద్యం విప్పి చూపించాడు. వాటిలో ఒకటి మన గోదావరి ఒడ్డుది, హాలుడు కూర్చిన ప్రాకృత పద్యాల సంపుటి గాథాసప్తశతిలోది. ఒకామె పూలు కోసుకోవడానికి వచ్చే ఒక భక్తుడితో అంటుంది: స్వామీ, నిశ్చింతగా తిరగండి, మిమ్మల్ని భయపెట్టే ఆ కుక్కని గోదావరి ఒడ్డు పొదల్లో ఉండే సింహం ఇవాళ చంపేసింది. పైకి "తిరుగు" అని అనుమతి, లోపల "ఆ ఛాయలకి రాకు" అని నిషేధం, ఎందుకంటే ఆ పొదలు ఆమె ప్రియుణ్ని కలుసుకునే చోటు. పైకి విధి, లోపల నిషేధం అని ఆనందవర్ధనుడు తేటతెల్లంగా చెప్పేశాడు. చచ్చిపోయిందా పద్యం? నాకైతే తెలిసిన ప్రతిసారీ నవ్వొస్తుంది. పైగా మహిమభట్టు అనే ఇంకో ఆలంకారికుడు వచ్చి, ఇందులో ధ్వనీ లేదు ఏమీ లేదు, కుక్కకే భయపడేవాడు సింహం ఉన్నచోటికి రాడని మనం అనుమానప్రమాణంతో, అంటే ఉన్న ఆధారం నుంచి తర్కంతో, ఊహిస్తున్నాం, అంతే అని ఇదే పద్యం మీద దెబ్బలాడాడు. విప్పి చెప్పారు కాబట్టే దెబ్బలాటకి వీలైంది.

ఇంకో చిన్న పదం, కాకువు. గొంతు మార్పుతో అర్థం తిరగబడటం. "నువ్వు చాలా గొప్పవాడివి" అన్న మాట ఏ గొంతుతో అన్నామన్నదాన్ని బట్టి పొగడ్తో ఎత్తిపొడుపో అవుతుంది. ఫోన్‌లో "సరే" అని రెండక్షరాలు వస్తే రాత్రంతా టెన్షన్ పడేవాళ్లు ఉన్నారు కదా, వాళ్ల బాధకి శాస్త్రంలో పేరుందని చెప్తే పెద్ద ఊరట దొరకదు గానీ, ఏం లోపించిందో తెలుస్తుంది.

కథలో "నేను" ఎవరు?

కొన్ని పదాలు బయటి నుంచి వచ్చాయి, వాటి మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఎథోస్ (మాట్లాడేవాడి మీద నమ్మకం), పాథోస్ (వినేవాడి భావోద్వేగం), లోగోస్ (తర్కం) అని అరిస్టాటిల్ విభజన ఇప్పుడు ప్రసంగ కళ నేర్పే ప్రతిచోటా వినిపిస్తుంది, అది కూడా చాలావరకు టిక్కులు పెట్టుకునే గళ్లుగా మారిపోయింది. దాని జోలికి పోను. పనికొచ్చిన ఒకదాని గురించి చెప్తాను.

ఒకసారి నలుగురం మిత్రులం ఒక కథ గురించి గట్టిగానే తగువు పడ్డాం. కథంతా ఒక భర్త చెప్తాడు, భార్యని చులకన చేస్తూ, తనెంత ఓర్పుగా ఉన్నాడో చెప్పుకుంటూ. ఒకరికి రచయిత మీద ఒళ్లు మండింది, ఇంత స్త్రీద్వేషమా అని. నేను చెప్పింది ఒకటే, కథ చెప్పేది రచయిత కాదు, భర్త. అతని మాటల్లోనే అతన్ని పట్టిస్తున్నారు. తను ఓర్పుగా ఉన్నానని చెప్పిన రోజే ఆవిడ భోజనం మానేసి పుట్టింటికి వెళ్లిన సంగతి నోరు జారి చెప్పాడు. నమ్మదగని కథకుడు అనే మాట ఇలాంటి చోట అక్కరకొస్తుంది. అమెరికన్ విమర్శకుడు వేన్ బూత్ 1961లో వాడకంలోకి తెచ్చిన పదం ఇది, పని మాత్రం అంతకుముందు నుంచీ రచయితలు చేస్తున్నదే. గిరీశం "నాతో మాట్లాడ్డమే ఒక ఎడ్యుకేషన్" అన్నప్పుడు ఆ మాట వెంకటేశానికి ఒకలా, మనకి ఇంకోలా వినపడాలన్నది గురజాడ ఏర్పాటు. గిరీశం అభిప్రాయాలన్నీ గురజాడవని ఎవరైనా అంటే ఊరుకుంటామా?

మిత్రుడు ఊరుకోలేదు. "అయితే ఎంత చెత్త రాసినా, అది కథకుడి అభిప్రాయం అని తప్పించుకోవచ్చన్నమాట" అన్నాడు. ఆ దెబ్బ నాకు గట్టిగానే తగిలింది, ఎందుకంటే అలా తప్పించుకునేవాళ్లని నేనూ చూశాను. దీనికి నాకు దొరికిన జవాబు మళ్లీ ఆ పరీక్షే: కథకుడి మాటకి అడ్డం తిరిగే సాక్ష్యం కథలోనే ఉందా? ఆ నోరు జారిన వాక్యం తీసేసి చూడు. ఉన్నప్పుడూ లేనప్పుడూ కథ ఒకేలా చదువుకోగలిగితే, రచయితకి ఆ పదం కప్పి కాపాడటం కుదరదు. ఆ వాక్యం ఒక్కటే చాలదని అతను, చాలునని నేను. తగువు తెగలేదు, కాకపోతే "నీకు స్త్రీల పట్ల గౌరవం లేదు", "నీకు చదవడం రాదు" అన్న దగ్గర మొదలైంది ఒక వాక్యం దగ్గరికి వచ్చి ఆగింది.

పదాలు లేకుండా ఆనందించేవాళ్ల మాటేమిటి అంటారా? ఏ అలంకారం పేరూ వినకుండా భాగవతం వింటూ కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లకి ఈ వ్యాసం అక్కర్లేదు, వాళ్లకి నేను చెప్పేదీ ఏమీ లేదు. అనుభవించడానికి పరిభాష అవసరం లేదు. ఇద్దరికి ఒకే వాక్యం రెండు రకాలుగా వినపడినప్పుడు అవసరం.

తన భుజం మీద తానే

నాకు ఇప్పటికీ తేలని పదం స్వభావోక్తి. ఉన్నది ఉన్నట్టు, కళ్లకి కట్టినట్టు చెప్పడం. దండి అనే ఆలంకారికుడు దీన్ని అలంకారాల్లో మొట్టమొదట నిలబెట్టాడు. ఆయన తర్వాతి ఆలంకారికుడు కుంతకుడు ఒప్పుకోలేదు. వస్తువు స్వభావమే అలంకారం అయితే, మరి అలంకరించేది దేన్ని? ఎవడైనా తన భుజం మీద తానే ఎక్కగలడా అని అడిగాడు.

తర్కం కుంతకుడిదే గట్టిది. అయినా ఉపమలు, ఉత్ప్రేక్షలు ఏమీ లేని వచనం, "అతను తలుపు దగ్గరికి వేసి, మళ్లీ తెరిచి, దీపం ఆర్పి వెళ్లాడు" లాంటి వాక్యం ఒక్కోసారి పట్టుకుని వదలదు, అప్పుడు నేను దండి పక్షమే. ఎందుకంటే ఉన్నది ఉన్నట్టు అంటాం గానీ, ఆ గదిలో ఉన్నవన్నీ రచయిత చెప్పలేదు. గోడ రంగు చెప్పలేదు, చెప్పుల సంగతి చెప్పలేదు. మళ్లీ తెరవడం ఒక్కటి చెప్పాడు. ఆ ఎంపికే అలంకారం అంటే కుంతకుడు ఒప్పుకుంటాడు, ఒప్పుకుని, అయితే అది నేను చెప్పే వక్రోక్తేగా, అంటే మామూలుగా కాక ప్రత్యేకంగా చెప్పే తీరేగా, స్వభావోక్తి ఎక్కడుంది అంటాడు. అప్పుడు నేను "మళ్లీ తెరిచి" తీసేసి వాక్యం మళ్లీ చదువుకుంటాను. ఏదో పోయిందని మాత్రం ఖాయంగా తెలుస్తుంది. ఆ పోయినదాన్ని ఎవరి ఖాతాలో వెయ్యాలన్న దగ్గరే దండీ కుంతకుడూ నాకు ఇంకా సర్దుకోలేదు.